దూరమే లోతా?

1969లో వెలువడిన లెడ్ జెపెలిన్ తొలి ఆల్బములో ‘కమ్యూనికేషన్ బ్రేక్‌డౌన్’ అనే పాట ఉన్నది. అందులోని గిటారు వాదనం విశాలమైన చోట మోగినట్లుంటుంది. నిజానికి జిమ్మీ పేజ్ యాంప్లిఫయరును ఒక ఇరుకు గదిలో ఉంచి, మైక్రోఫోనును దూరంగా నిలిపాడు. దూరమే లోతునిస్తుందన్న పాత సూత్రాన్ని 1977లో ఒక ముఖాముఖిలో ఆయనే కారణంగా చెప్పాడు.

ఫలితం మెచ్చదగినదే, చెప్పిన కారణం మాత్రం సగమే. స్పీకరు గుడ్డకు దగ్గరగా పెట్టిన మైక్రోఫోనుకు నేరుగా వచ్చే ధ్వనే ప్రధానం. వెనుకకు జరిపినకొద్దీ అది క్షీణిస్తుంది. గోడలపై పరావర్తనం చెందిన ధ్వని అంతగా తగ్గదు. ఈ రెండింటి నిష్పత్తినే చెవి లోతుగా గ్రహిస్తుంది. గోడలు లేని మైదానంలో ఎంత దూరం జరిపినా దక్కేది బలహీనమైన ధ్వనియే. కనుక పొగడ్తలో సగం ఆ గదికి చెందవలె.

దగ్గర ఒకటి, దూరాన ఒకటి పెట్టి కలపడం కూడ పేజ్ పద్ధతియే. ఇందులో చిక్కున్నది. రెంటి దూరాలలో తేడా 17 సెంటీమీటర్లయితే, సెకనుకు 1000 కంపనాలు గల స్వరం రెండవదానికి అర తరంగం ఆలస్యంగా చేరుతుంది. సమాన బలంతో కలిపితే ఆ స్వరం దాదాపు మాయమై, గిటారు డొల్లగా వినిపిస్తుంది. మరో 17 సెంటీమీటర్లు జరిపితే అది తిరిగి బలపడుతుంది, కాని ఈసారి 500 కంపనాల స్వరం పోతుంది.