ఎవరి బాల్యం? ఎవరి బిందె?

పాత వస్తువుల్ని ఓరగా పడే వెలుగులో పేర్చి ఫొటోలు తీయడం ఇవాళ ఒక కళాధోరణిగా బలపడింది. కిటికీ పక్కన ఇత్తడి చెంబు, తాతగారి కళ్లజోడు, కుంకుమ భరిణె, లాంతరు, మూగబోయిన రేడియో. కింద 'చిన్ననాటి జ్ఞాపకాలు' అని పేరు. చూసినవాళ్లు 'అబ్బ, మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది' అంటారు. మాకూ అమ్మమ్మ ఇల్లుంది. ఆ ఫొటోల్లో మాత్రం అది ఎక్కడా లేదు. ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

'వస్తువుకి కులమేమిటి, అందం అందమే గదా' అని కొందరు మిత్రులంటున్నారు. వస్తువుకి కులం లేకపోవచ్చు. దాన్ని ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అనేదానికి ఉంది. ఎవరింట్లో అది మూడు తరాలు నిలుస్తుంది, ఎవరింట్లో మూడేళ్లు కూడా నిలవదు అనేదానికి ఉంది. ఈ రెండూ వదిలేసి అందం గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.

ఈ కళ పుట్టుకలోనే ఆ సంగతి కనబడుతుంది. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844 నుంచి 1846 దాకా భాగాలుగా వెలువరించిన 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్'లో ఒక ఫొటో ఉంది. అరల మీద వరసగా పేర్చిన పింగాణీ సామాను. ఈ సామాను దొంగలెత్తుకుపోతే ఈ బొమ్మనే కోర్టులో సాక్ష్యంగా పెట్టొచ్చని ఆయన దాని పక్కన రాసుకున్నాడు. అంటే ఫొటో తొలినాళ్లలోనే ఆస్తిపరుడి సామాను జాబితాగా కూడా పనికొచ్చింది. అదే పుస్తకంలో ఇంకో ఫొటో: తెరిచి ఉన్న తలుపు, గుమ్మం దగ్గర ఆనించిన చీపురు. వెలుగునీడలు గొప్పగా ఉంటాయి. ఊడ్చే మనిషి లేదు. పింగాణీ యజమానికి సాక్ష్యం దొరికింది. చీపురు పట్టిన చేతికి ఆ ఫొటోలో చోటే దొరకలేదు.

మన దగ్గర తీస్తున్న ఫొటోల్లోనూ జరుగుతున్నది ఇదే. చెంబు తళతళా మెరుస్తుంది. దాన్ని చింతపండేసి తోమిందెవరో తెలీదు. రోలు ఉంటుంది, దంచినామె ఉండదు.

ఒక వస్తువు పాతబడాలంటే ముందది ఇంట్లో నిలవాలి. మా ఇళ్లల్లో ఇత్తడి నిలిచేది కాదు. పెళ్లికి పెట్టిన బిందె మొదటి కరువుకే తాకట్టుకి పోయేది. వడ్డీ కట్టలేక అక్కడే ఉండిపోయేది. ఇవాళ పట్నంలో షోకేసుల కోసం అమ్మే పాత బిందెల్లో మా అవ్వలవి ఎన్నున్నాయో ఎవరు చెప్పగలరు? మాకు మిగిలినవి సొట్టలుబోయిన సిలవరు గిన్నె, కుండ, చాట, చెప్పులు కుట్టే ఆరె. తోళ్లు నానబెట్టే లంద ఫొటోలో బాగానే పడుతుంది. పచ్చితోలూ తంగేడు చెక్కా కలిసిన వాసన పడదు. ఆ వాసన వంకతోనే బళ్లో మమ్మల్ని ఎడంగా కూచోబెట్టారు.

మా చిన్ననాటి వస్తువుల్లో టీకొట్టు గ్లాసు ఒకటి. అది లోపల ఉండేది కాదు, బయట చూరులో చెక్కి ఉండేది. తాగి, మేమే కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఆ గ్లాసుని కిటికీ వెలుగులో పెట్టి తీస్తే అందంగానే ఉంటుంది. చూరు లేకుండా తీస్తే మాత్రం అది అబద్ధం.

అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన బడి రోజుల గోనెపట్టా గురించి రాశారు. తక్కిన పిల్లలకి దూరంగా దానిమీద కూచోవాలి. బడి ఊడ్చే నౌకరు దాన్ని ముట్టుకోడు. అందుకని పొద్దున తెచ్చుకుని సాయంత్రం ఇంటికి మోసుకుపోవాలి. ఆ గోనెపట్టాని ఎవరైనా ఫొటో తీస్తే 'చిన్ననాటి జ్ఞాపకం' అనే పేరు దానికి సరిపోతుందా?

ఇక బిందె. ఈ తరహా ఫొటోలకి బిందె మహా ఇష్టమైన వస్తువు. బిందెని చూస్తే మాకు కారంచేడు గుర్తొస్తుంది. 1985 జూలై 16న మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల్ని కడిగి నీళ్లు పాడు చేస్తుంటే కత్తి చంద్రయ్య అడ్డు చెప్పాడు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త మీదకి వాళ్లొస్తే ఆమె చేతిలో బిందె పైకెత్తింది. మర్నాడు పల్లెమీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. ఆ బిందె నిశ్చల వస్తువు కాదు. దాన్ని పీటమీద పెట్టి పక్కన బంతిపూలు పేర్చి తీయడం మా చేత కాదు.

అట్లాగని పాత వస్తువుల్ని ఫొటోలు తీయొద్దని మేం అనడం లేదు. ఎట్లా తీయాలో చూపినవాళ్లున్నారు. 1942లో వాషింగ్టన్‌లో నల్లజాతి ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్, ప్రభుత్వ కార్యాలయం ఊడ్చే ఎల్లా వాట్సన్‌ని అమెరికా జెండా ముందు నిలబెట్టి తీశాడు. ఆమె చేతిలో చీపురు, పక్కన నేల తుడిచే కర్ర. టాల్బట్ గుమ్మం దగ్గర మనిషి లేకుండా నిలబడ్డ చీపురుకి దాదాపు వందేళ్ల తర్వాత ఇక్కడ మనిషి దొరికింది. ఆ మనిషి నేరుగా మనకేసి చూస్తోంది.

ఒక మాట మనవాళ్లకీ చెప్పుకోవాలి. డప్పుకి నూనె రాసి, నల్లటి గుడ్డ ముందు వేలాడదీసి తీస్తున్న కుర్రాళ్లు మనలోనూ ఉన్నారు. చావుకి కొట్టమంటే కొట్టిన డప్పు, కొట్టనంటే దెబ్బలు తిన్న డప్పు, సభల్లో తలెత్తి మోగిన డప్పు, మూడూ ఒకటే డప్పు. గోడబొమ్మగా మారిస్తే మూడూ పోతాయి.

కెమెరా ఉన్న విద్యార్థులకి మేం చెప్పేది చిన్న సంగతే. ఇంట్లో అవ్వనో తాతనో ముందు అడగండి. ఈ వస్తువు ఎట్లా వచ్చింది, ఎవరు వాడారు, దీన్ని పట్టుకుని ఎక్కడిదాకా పోనిచ్చారు, ఎక్కడ ఆపేశారు అని. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే ఫొటో కింద రాయండి. ఆ వస్తువు పోయి ఉంటే అది ఉండే చోటు తీయండి. ఖాళీ గూడు కూడా మా బాల్యమే.