ఒత్తు పట్టినవాడి పేరేమిటి?

సంగీతాలు కలిస్తే గుండె కరుగుతుందని అందరూ అంటారు. కరిగేది ఎవరి గుండె, ఖర్చయ్యేది ఎవరి ఊపిరి అని మాత్రం అడగరు. పల్నాటి ముస్లిములం మేము అడుగుతున్నాం. నరసరావుపేట, చిలకలూరిపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లో పెళ్ళిపందిట్లో, తిరునాళ్ళలో, గుడి ముందు సన్నాయి ఊదుతూ వచ్చినవాళ్ళలో దూదేకుల సాయిబులు ఎంతమందో లెక్క తీయండి. కలయిక గురించి మాట్లాడే హక్కు మాకు కాక ఇంకెవరికుంది?

మేళంలో ఒత్తు అని ఒకటుంటుంది. చూడ్డానికి సన్నాయిలాగే ఉంటుంది. స్వరాలు పలకదు. ఒకే శ్రుతిని తెగకుండా పట్టి ఉంచుతుంది. దాన్ని పట్టినవాడు కచేరీ అయ్యేదాకా బుగ్గలు పూరించి కూర్చోవాలి. శాలువా వాడిదాకా రాదు. కరెంటు శ్రుతి పెట్టెలు వచ్చాక చాలాచోట్ల ఆ కూలి కూడా పోయింది. ఎక్కడ ఏ కలయిక గురించి విన్నా మా చెవి ముందు వెదికేది ఆ ఒత్తువాణ్ణే.

ఆ చెవితోనే మేము దక్షిణాఫ్రికా, అమెరికా సంగీతాల కలయికను విన్నాం. 1986లో పాల్ సైమన్ అనే అమెరికన్ గాయకుడు 'గ్రేస్‌లాండ్' అనే ఆల్బం తెచ్చాడు. అంతకు ముందు ఏడాది జొహానెస్‌బర్గ్ వెళ్ళి అక్కడి నల్ల వాద్యకారులతో రికార్డింగులు చేసుకున్నాడు. అప్పటికి దక్షిణాఫ్రికా తెల్ల ప్రభుత్వం మీద సాంస్కృతిక బహిష్కరణ నడుస్తోంది. ఐక్యరాజ్యసమితి 1980లో దానికి పిలుపిచ్చింది. ఆ గీత దాటి వెళ్ళాడు కాబట్టి పెద్ద గొడవే అయింది. పోరాటంలో ఉన్నవాళ్ళు తప్పన్నారు. ప్రవాసంలో ఉన్న మిరియం మకేబా, హ్యూ మసెకేలా మాత్రం 1987లో అదే సైమన్‌తో కలిసి జింబాబ్వేలో హరారే వేదిక మీద పాడారు. సొంత ఊరికి పోలేనివాళ్ళు పొరుగు దేశపు సరిహద్దు దాకా వచ్చి పాడారన్నమాట.

ఆ ఆల్బంలో 'హోమ్‌లెస్' అనే పాట ఉంది. వాద్యం ఒక్కటీ లేదు. అంతా మగగొంతులే. లేడీస్మిత్ బ్లాక్ మంబాజో అనే జూలూ బృందం పాడింది. ఆ బృందానికి పెద్ద జోసెఫ్ షబలాలా. సైమన్, అతనూ కలిసి రాసిన పాట అది. మంద్రంలో ఐదారు గొంతులు నేల పరిచినట్టు ఉంటాయి. ఆ నేల మీద షబలాలా గొంతు పైస్థాయిలో ఒంటరిగా నడుస్తుంది. చాలాసేపటికి గానీ ఇంగ్లీషు రాదు. ఈ పద్ధతిని ఇసికతమియా అంటారు. చప్పుడు కాకుండా మెత్తగా నడవడం అనే అర్థం ఉంది ఆ మాటలో. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి కూలీల హాస్టళ్ళలో ఇరుక్కున్న మగవాళ్ళు కావలివాళ్ళకు వినబడకుండా మునివేళ్ళ మీద ఆడుతూ పాడుకునేవాళ్ళట. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు ఇల్లు లేదని పాడుతున్నారు. పాట పట్టుకునేది అక్కడ. సైమన్ గొంతు పలుచన. వచ్చి ఒక పక్కన నిలబడుతుంది. దానికి ఆ పాటలో ఉన్న చోటు అంతే. అది తెలుసుకున్నాడు కాబట్టే ఆ పాట వరకు అతన్ని మేము ఒప్పుకుంటాం. వాద్యకారులకు న్యూయార్క్ రేటుకు మూడింతలు కూలి ఇచ్చాడనీ, కొన్ని పాటల్లో వాళ్ళ పేర్లు కూడా రచయితలుగా వేశాడనీ ఆయన తరఫువాళ్ళు చెబుతారు. నిజమే. అయినా అట్ట మీద పేరు ఎవరిది? సంవత్సరపు ఉత్తమ ఆల్బంగా గ్రామీ ఎవరి చేతికి పోయింది? రే ఫిరి గిటారు, బకీతి కుమాలో బేసు తీసేస్తే ఆ రికార్డులో మిగిలేదెంత?

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆఫ్రికా సంగీతాన్ని అమెరికావాడు కొత్తగా కనిపెట్టాడన్నట్టు మన ఇంగ్లీషు పేపర్లు రాశాయి. ఆ రెండు సంగీతాలూ అంతకు వందేళ్ళ క్రితమే కలిశాయి. 1890లో ఆర్ఫియస్ మెకడూ అనే అమెరికన్ నల్లజాతి గాయకుడు, బానిస తల్లిదండ్రులకు పుట్టినవాడు, తన జూబిలీ గాయకులతో కేప్‌టౌన్‌లో దిగాడు. బానిసలు పత్తి చేలల్లో కట్టుకున్న భక్తి పాటలు వాళ్ళు పాడారు. అవి దక్షిణాఫ్రికా మిషన్ బడుల్లోకి, చర్చి బృందాల్లోకి, అక్కడి నుంచి హాస్టళ్ళలోకి పాకాయి. అంటే 'హోమ్‌లెస్'లో కలుస్తున్నవాళ్ళు కొత్తవాళ్ళు కాదు. ఓడల్లో విడదీసిన ఇంటివాళ్ళు చాలా తరాల తర్వాత ఎదురుపడి గుర్తుపట్టుకున్నట్టుంటుంది ఆ పాట. పత్తి అన్న మాట దగ్గర మేము ఆగిపోతాం. మా పింజారీల బతుకూ పత్తిదే.

ఆ కలయికలోనే జరిగిన అన్యాయం కూడా చెప్పాలి. 1939లో సాలమన్ లిండా అనే జూలూ గాయకుడు జొహానెస్‌బర్గ్‌లో 'ఎంబూబే' అనే పాట రికార్డు చేశాడు. ఎంబూబే అంటే సింహం. హక్కులు రాసిచ్చేసి అతను తీసుకున్నది కొద్ది షిల్లింగులు. ఆ పాట అమెరికా వెళ్ళి పేర్లు మార్చుకుంది. 1961లో టోకెన్స్ అనే బృందం దాన్ని ఇంగ్లీషు మాటలతో పాడి ఊరూరా మోగించింది. 1994లో డిస్నీ వాళ్ళ 'ది లయన్ కింగ్' సినిమాలోకి ఎక్కింది. లిండా 1962లోనే పేదవాడుగా చనిపోయాడు. అతని కూతుళ్ళు కోర్టుకు వెళ్తే 2006లో రాజీ కుదిరింది. ఆ సినిమా చూసి మన పిల్లలు కూడా ఆ రాగం తీస్తారు. వాళ్ళకు సింహం తెలుసు, లిండా తెలియదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

పింజారీ అంటే దూది ఏకేవాడు. తెలుగులో అది తిట్టు కూడా. చదువుకున్నవాళ్ళు, అభ్యుదయవాదులు కూడా నోరు జారినప్పుడు ఆ తిట్టే వస్తుంది. తిట్టేవాళ్ళకు అది ఒక కులం పేరని స్ఫురించదు. మాలోనూ ఉర్దూ ఇళ్ళు దూదేకుల ఇళ్ళతో వియ్యానికి వెనకాడుతాయి. 'వాళ్ళకు ఉర్దూ ఏం తెలుసు, గుళ్ళో బాజా ఊదేవాళ్ళు' అనే మాట పల్నాడులో ఏ దస్తర్‌ఖాన్ దగ్గరైనా వినబడుతుంది. సర్కారు లెక్కల్లో దూదేకులవాళ్ళు బీసీ-బి. మసీదులో ముస్లిములు. పెళ్ళిపందిట్లో మేళగాళ్ళు. ఒక్క మనిషి ఇన్ని గడపల ముందు నిలబడి ఊదుతాడు. లోపలికి రమ్మనేది ఎవరు?

షేక్ చినమౌలానా కథ అక్కడి నుంచి మొదలవుతుంది. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టాడు. తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర సాధన చేశాడు. అంటే ఆయన వేళ్ళు తిరిగింది మా గడ్డ మీద. ఆ తర్వాత తంజావూరు బాణీ కోసం అరవదేశం వెళ్ళి, నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర మళ్ళీ శిష్యుడయ్యాడు. టి.ఎన్. రాజరత్నం పిళ్ళైని మనసులో గురువుగా పెట్టుకున్నాడు. శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. 1999లో వెళ్ళిపోయాడు.

ఆయన వాయిద్యం గురించి రాసినవాళ్ళు మతసామరస్యం దగ్గర ఆగిపోయారు. సంగీతం గురించి రాయండయ్యా! మా చెవికి వినబడేది ఇది: ఆలాపనలో తంజావూరు ఓపిక ఉంటుంది. ఒక్క స్వరాన్ని పట్టుకుని, దాని చుట్టూ ఊపిరిని తిప్పి తిప్పి, తొందర లేకుండా పక్క స్వరంలోకి జారుస్తాడు. ఉన్నట్టుండి ఒక విసురు వస్తుంది. గబగబా మెట్లు దిగినట్టు. అది తిరునాళ్ళలో జనం గోలను దాటి వినబడాలని ఊదిన మా తెలుగు సన్నాయి అలవాటు. కచేరీ హాల్లో దానితో పని లేదు. అయినా వస్తుంది. ఆ రెండూ అతుకు లేకుండా కలిసిపోలేదు, అతుకు వినబడుతుంది. ఆ అతుకు దగ్గరే మాకు కళ్ళు చెమర్చుతాయి. ఊరు వదిలినవాడి యాస ఎక్కడో ఒకచోట బయటపడినట్టు.

షబలాలా పాటకూ దీనికీ పోలిక ఇక్కడుంది. కలయికలో బలం రెండూ సమానమైపోవడంలో లేదు. కలవక తప్పని పరిస్థితి ఉంటుంది, ఎంత కలిసినా కలవని ముక్క ఒకటి మిగులుతుంది. బలం ఆ ముక్కది. ఆకలి వల్ల, వలస వల్ల, కులం వల్ల కలిసిన సంగీతాన్ని తీసుకొచ్చి సభల్లో గంగా జమునా తెహజీబ్ అని దండ వేస్తారు. సాయిబు రాముడి కీర్తన వాయిస్తే చప్పట్లు. ఆ సాయిబుకు ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరికిందా? కచేరీ అయ్యాక ఏ పంక్తిలో అన్నం పెట్టారు? మా మతపెద్దల్లో కొందరు ఇంకో పక్క నుంచి వస్తారు. సన్నాయి హరాం అంటారు. హరాం అన్నవాళ్ళు ఆ ఇంటికి నెల బియ్యం పంపిస్తే వినేవాళ్ళం.

నాజర్ దగ్గర లెక్క వేరు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ సంగీతం కోసం కుర్రతనంలో నరసరావుపేట వచ్చి మురుగుళ్ళ సీతారామయ్య దగ్గర నేర్చుకున్నాడు. పేదరికంతో పోట్లాడుకుంటూ నేర్చిన సంగీతం అది. అంతకు ముందే నాటకాల్లో ఆడినవాడు. ప్రజా నాట్యమండలిలోకి వచ్చి జంగం కథను చేతిలోకి తీసుకుని దాన్ని మార్చేశాడు. మధ్యలో తంబురా, అందెలతో కథకుడు. ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. జంగాల దరువులోకి కర్ణాటక రాగం, పద్యనాటకం గొంతు, బెంగాల్ కరువు వార్త అన్నీ వచ్చి పడ్డాయి. హాస్టల్ కూలీలు మునివేళ్ళ మీద నడిచారు. నాజర్ గజ్జె కట్టి నేల దద్దరిల్లేట్టు తొక్కాడు. అక్కడ భయం, ఇక్కడ తెగువ. రెంటిలోనూ పాదం మాత్రం కూలివాడిదే. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. గ్రేస్‌లాండ్ వచ్చిన ఏడు కూడా అదే. 1997లో చనిపోయాడు. తన జీవితకథకు ఆయన ఒప్పుకున్న పేరు 'పింజారి'. తిట్టును తీసుకుని అట్ట మీద అచ్చు వేయించుకున్నాడు. ముస్లింవాదం అనే మాట రాకముందే చేసిన పని అది.

నాజర్ చెప్పిన కథల్లో పల్నాటి యుద్ధం ఒకటి. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద తిన్న చాపకూడు ఆ కథలోది. దాన్ని ఒక పింజారీ చెబుతుంటే వినడంలో ఉన్న ఉద్వేగం మాటల్లో పెట్టడం కష్టం. అయితే ఒత్తువాణ్ణి వెదుకుతామని మొదటే చెప్పాం. ఇక్కడా వెదకాలి. పల్నాటి వీరుల కథ నాజర్‌ది కాదు. దానికి కావ్యం కట్టాడని చెప్పే శ్రీనాథుడిదీ కాదు. కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళలో తరతరాలుగా దాన్ని పాడుతూ వచ్చింది మాల వీరవిద్యావంతులు. శ్రీనాథుడి పేరు బడి పుస్తకంలో ఉంది. నాజర్ పేరు బుర్రకథ చరిత్రలో ఉంది. విద్యావంతుల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? మా వాడి పేరు అట్ట మీద లేదని సైమన్‌ను అడిగే నోటితోనే ఇది కూడా అడగాలి. అడగకపోతే మా ప్రశ్న చెల్లదు.

ఒక పుస్తకంలో మాత్రం ఉంది. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పల్నాడు వచ్చి, ఆ కథను ఒక విద్యావంతుడి నోట విని, ఇంగ్లీషులోకి మార్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి అచ్చు వేయించాడు. పాడినవాడు అలిశెట్టి గాలెయ్య అని అందులో చెప్పాడు. జొహానెస్‌బర్గ్ వెళ్ళిన అమెరికన్‌నూ కారెంపూడి వచ్చిన అమెరికన్‌నూ ఒకే గాటన కట్టడానికి అందుకే మేము ఒప్పుకోం.

చినమౌలానా శిష్యుల్లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులున్నారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే రాగాన్ని పంచుకుంటూ వాయిస్తారు. 2020లో ఇద్దరి పేర్ల మీదా కలిపి పద్మశ్రీ వచ్చింది. ఉండేది శ్రీరంగంలో. ఒక ముస్లిం స్త్రీ అంత బరువైన నాదస్వరాన్ని ఎత్తి పట్టి, అంత గాలి పూరించి, పెద్ద సభల్లో కూర్చుని వాయిస్తుంటే, పల్నాడులో ఎంతమంది దూదేకుల ఆడపిల్లలకు ఆమె పేరు తెలుసో కనుక్కోండి. ఆమె వాయించేటప్పుడు ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. ఆ తంజావూరు ఓపిక మధ్యలో మా విసురు వస్తుంది.