ఏడు మాటలు చెప్పడం ఒక విద్య

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా మన తెలుగు సంఘాల్లో జరిగే ఏడు మాటల ఆరాధనని మించిన వాక్యసేవ మనకి ఇంకొకటి లేదు. నేనీ మాట మొహమాటం లేకుండా అంటాను. సిలువ మీద యేసు పలికిన మాటలు ఏడు, వాటిని చెప్పేవాళ్లు ఏడుగురు, మధ్య మధ్య కీర్తనలు. ఆ మూడు గంటలూ దేశమంతా చీకటి కమ్మిందని సువార్తలు చెబుతున్నాయి కాబట్టే ఆ వేళ. 17వ శతాబ్దంలో పెరూ దేశపు లిమా నగరంలో ఒక జెసూట్ పాద్రి దీన్ని మొదలుపెట్టారని అంటారు. ఎక్కడ పుట్టినా, మనవాళ్లు దీన్ని మన రాగాల్లోకి, మన నుడికారంలోకి తెచ్చుకుని సొంతం చేసుకున్నారు.

1998లో సైబర్ టవర్స్ తెరిచాక గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచీ ఖమ్మం, నల్గొండ నుంచీ వచ్చి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు స్థిరపడ్డ కుటుంబాలతో పాటు ఈ ఆరాధనా ఇక్కడికి చేరింది. హఫీజ్‌పేటలో 52 రోజుల్లో కట్టారని చెప్పుకునే కల్వరి టెంపుల్‌లో వేలమంది కూర్చుంటారు. ఏదో కాంప్లెక్సు మూడో అంతస్తులో అద్దెకి తీసుకున్న హాల్లో యాభై అరవై మంది కూర్చుంటారు. చాలా ఆఫీసుల్లో ఆ రోజు ఆప్షనల్ హాలిడేనే. నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర మానుకుని, ఉపవాసంతో వచ్చే పిల్లలున్నారు. అంత ఆకలితో వచ్చినవాళ్లకి మనం ఏం వడ్డిస్తున్నామన్నదే నా బాధ.

ముందు మంచి పని ఎలా ఉంటుందో చెప్పాలి. ఏడు మాటలూ ఒక్క సువార్తలో దొరకవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కుల్లో ఉమ్మడిగా ఒకటి. గట్టి ప్రసంగీకుడు తన వంతు మాటొక్కటే చదువుకుని రాడు, దానికి ముందేముందో వెనకేముందో చూసుకుని లేస్తాడు. మొదటి మాటలోనూ చివరి మాటలోనూ యేసు తండ్రిని తండ్రీ అనే పిలిచాడు. నాలుగో మాటలో మాత్రం దేవా అన్నాడు. ఆ పిలుపు మారిన చోట నిలబడి, ఆ ఎడబాటు ఎవరి పాపం వల్ల కలిగిందో నెమ్మదిగా విప్పగలిగితే సిలువ అర్థం మొత్తం అక్కడే ఉంది. ఆ మాట 22వ కీర్తన ఆరంభం. చేయి తిరిగినవాడు ఆ కీర్తన తెరిచి, బట్టలకి చీట్లు వేసిన సంగతిని 18వ వచనంలో చూపిస్తాడు. అంతటితో వదలడు, మొరతో మొదలైన కీర్తన స్తుతితో ముగిసేదాకా సంఘాన్ని నడిపించుకెళ్తాడు.

దాహం మాట చెప్పడం ఇంకా కష్టం. చిరక ముంచిన స్పంజిని హిస్సోపు పుడకకి తగిలించి అందించారని యోహాను రాశాడు. ఐగుప్తులో పస్కా గొర్రెపిల్ల రక్తాన్ని గుమ్మాలకి చల్లింది హిస్సోపుతోనే, నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఉంది. ఆ ఒక్క పుడకతో ఐగుప్తునీ గొల్గొతానీ కలిపి చూపించిన పెద్దలున్నారు. అలాంటి వాక్యం విన్న చెవికి మరేదీ ఆనదు.

ఇక మూడో మాట. తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట. హైటెక్ సిటీలో దీన్ని చెప్పేవాడి మీద పెద్ద బరువుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామంది అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా ఉన్నారు. లోకపాపం మోస్తున్న గంటలో కూడా అమ్మ రేపటి నుంచి ఎక్కడ ఉంటుందో యేసు ఏర్పాటు చేశాడు. ఎవరినీ దెప్పనక్కర్లేదు. ఆ శిష్యుడు ఆ గడియ నుంచే ఆమెని తన ఇంట చేర్చుకున్నాడని చదివి ఒక్క క్షణం ఊరుకుంటే చాలు.

ఊరుకోవడం తెలిసిన సంగీతం కూడా ఈ ఆరాధనకి కావాలి. స్పెయిన్‌లోని కాదిజ్ పట్టణం కోసం ఈ ఏడు మాటలకి స్వరాలు కూర్చిన హైడన్ అంతటివాడు, వరసగా ఏడు విలంబ రచనలు విసుగు పుట్టకుండా చేయడం తేలిక కాలేదని రాసుకున్నాడు. మనకి పురుషోత్తమ చౌదరి (1803–1890) ఉన్నారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తు దగ్గరికి వచ్చి, పల్లవులూ చరణాలతో తెలుగు సంఘానికి పాట నేర్పిన మహానుభావుడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఎందుకు వేశారు? పాడమని. పద్యంలో చూస్తే జాషువా ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంత ఆస్తి ఇంట్లో పెట్టుకుని అప్పు తెచ్చుకుంటున్నాం!

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండిపోతుంది. ఏడుగురి స్థానంలో ఒక్కరే ఏడు మాటలనీ గంటలో తోసేస్తారు. ఇంగ్లీషు ప్రసంగం ఒకటి యూట్యూబ్‌లో విని, అక్కడి ఉదాహరణలతో సహా తెలుగులో దించేస్తారు. వెనక కీబోర్డు మీద ఏడుపు స్వరం ఆగకుండా మోగుతుంది. స్టేజీ మీద ఎర్రరంగు పూసుకున్న కుర్రాడు, కొరడా చప్పుడు స్పీకర్లో. యేసుకి లెక్కపెట్టి 39 దెబ్బలు కొట్టారని మైకులో అరుస్తారు. ఏ సువార్తలో ఉందా లెక్క? ఒకటి తక్కువ నలభై దెబ్బలు తిన్నానని చెప్పింది పౌలు, కొరింథీయులకి రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో. బైబిలు చేతిలో పట్టుకుని బైబిల్లో లేనిది చెప్పడం వాక్యసేవ ఎలా అవుతుంది?

సువార్తికులు మేకులు కొట్టడాన్ని వర్ణించలేదు. సిలువ వేశారని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లారు. మేకుల గుర్తుల ప్రస్తావన పునరుత్థానం తర్వాత తోమా నోట వస్తుంది. దారిలో తన కోసం ఏడుస్తున్న యెరూషలేము స్త్రీలని యేసే వారించాడు, మీకోసం, మీ పిల్లల కోసం ఏడవమన్నాడు. జాలి పుట్టించడం సిలువ ధ్యానం పని కాదు. తనని కొట్టినవాళ్లు క్షమాపణ అడగకముందే వాళ్ల కోసం ప్రార్థించినవాడు, బాప్తిస్మం గానీ పుణ్యకార్యం గానీ లేని దొంగకి అదే రోజు పరదైసులో చోటిచ్చినవాడు నన్ను ఎలా చేర్చుకున్నాడో చూపించడం దాని పని. నెత్తురు చూసి ఏడ్చినవాడు పార్కింగ్ దగ్గరికి వెళ్లేలోపు మర్చిపోతాడు. క్షమాపణ అర్థమైనవాడు సోమవారం ఆఫీసులో తనకి ద్రోహం చేసిన మనిషిని పలకరిస్తాడు.

కాపరులకి నా మనవి. వచ్చే శ్రమదినాలు మొదలుకాకముందే ఏడు మాటలనీ ఏడుగురికి పంచి ఇవ్వండి. అందులో ఇద్దరు ముగ్గురు మన ఐటీ పిల్లలు, అమ్మాయిలూ ఉండాలి. పెద్దల దగ్గర కూర్చోబెట్టి తర్ఫీదు ఇప్పించండి. కీర్తనల పుస్తకం తీసి, పాట పైన రాసిన రాగంలోనే పాడించండి. ఆ మూడు గంటలూ కీబోర్డు మూసి ఉంచండి.