600 కోట్ల పట్టా

ఎస్‌ఎస్‌డీ వేయడం నాలుగు స్క్రూల పని అంటారు. నిజమే. వెనక మూత తీసి, పాత హార్డ్‌డిస్క్ లాగి, ఆ జాగాలోనే కొత్తది దూర్చి, మూత వేస్తే అయిపోయింది. ఇళ్లలో పిల్లలు కూడా చేసేస్తున్నారు. చాదర్‌ఘాట్ నుంచి కోఠీ మీదుగా ఆబిడ్స్ దాకా సందుల్లో బల్ల వేసుకుని కూర్చున్న మెకానిక్‌ల పనితనం బయటపడేది ఆ నాలుగు స్క్రూలూ బిగించాక లాప్‌టాప్ మొరాయించినప్పుడే. చాదర్‌ఘాట్‌లో మడిగె అంత కొట్టులో అలాంటి పనొకటి పక్కనే స్టూలు మీద కూర్చుని చూశాను.

లాప్‌టాప్ నాంపల్లిలో లెక్కలు రాసే ఒక పెద్దాయనది. పుష్కరం దాటిన యంత్రం. అందులో ట్యాలీ, ఏళ్ల తరబడి ఖాతాలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరం కంటే పాత చిప్ ఉంటే, ఒకటీ అరా మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. కొత్తది కొనమని ఇంట్లో పోరు. ఆయన కొనలేదు, ఉన్నదానికే ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నారు. తప్పేం లేదు. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్ పళ్లేనికి ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు ఎదురుగా వచ్చేదాకా సగటున అందులో సగం ఆగాలి, అంతకుముందు దాని చేయి జరగాలి. సెకనుకు వంద చోట్ల వెతకడమే దానికి గగనం. తొషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా బృందం 1987లో లోకానికి చూపించిన నాండ్ ఫ్లాష్‌తో చేసే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. పాత లాప్‌టాప్‌కి అంతకంటే మంచి చికిత్స ఇంకొకటి కనిపెట్టలేదనే నా అభిప్రాయం.

అయితే ఈయన లాప్‌టాప్ ఒకనాడు బూట్ డ్రైవ్ లేదంటుంది, ఒకనాడు చక్కగా లేచి ట్యాలీ తెరిచాక కొయ్యబారిపోతుంది. పాత హార్డ్‌డిస్క్ పెడితే మెల్లగానైనా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. వేసిన కొట్టువాళ్లు ఎస్‌ఎస్‌డీనే మార్చి ఇచ్చారు. అదీ అంతే. ఇక మదర్‌బోర్డు పోయిందని తేల్చేశారు.

చాదర్‌ఘాట్ మెకానిక్ స్క్రూడ్రైవర్ ముట్టకముందే ఒక ప్రశ్న వేశాడు. "సార్, ఎప్పుడూ ఒక్క కాడనే ఆగుతదా, రోజుకో తీరుగ చేస్తదా?"

"రోజుకో తీరే భాయ్. అదే కదా తలనొప్పి."

"గట్లయితే సెట్టింగ్ కాదు."

ఈ ఒక్క మాటతో సగం జబ్బుల్ని పక్కన పెట్టేశాడు. ఎస్‌ఎస్‌డీ వేశాక వచ్చే తిప్పల్లో పెద్ద వాటా రాతకోతలదే. బయోస్‌లో డిస్క్ మోడ్ రెయిడ్‌లో ఉండగా విండోస్ ఎక్కించి, తర్వాత ఏహెచ్‌సీఐకి మారిస్తే నీలి తెర వస్తుంది. డిస్క్‌ని జీపీటీ పద్ధతిలో విభజించి, యంత్రాన్ని పాత లెగసీ బూట్‌లో వదిలేస్తే విండోస్ లేవదు. క్లోన్ చేసేటప్పుడు చిన్న బూట్ భాగాన్ని వదిలేసినా అంతే. ఇవన్నీ తప్పులే కానీ మాట మార్చని తప్పులు. వందసార్లు ఆన్ చేస్తే వందసార్లూ అక్కడే ఆగుతాయి. రోజుకో వేషం వేసే జబ్బు రాతలో కంటే కనెక్షన్‌లోనో, కరెంటులోనో, పదార్థంలోనో ఉండే అవకాశం ఎక్కువ. ఈ తేడా తెలియక విండోస్‌ని మళ్లీ మళ్లీ ఎక్కించి రోజులు పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో.

తర్వాత మూత తీశాడు. ముందు బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్‌ని కాసేపు నొక్కిపట్టి మిగిలిన కరెంటు దింపాడు. ఒక అట్టముక్క మీద లాప్‌టాప్ అడుగుభాగం గీసుకుని, తీసిన ప్రతి స్క్రూనీ దాని చోట గుచ్చుతూ పోయాడు. స్క్రూలన్నీ ఒక పొడవు ఉండవు. పొట్టిదాని చోట పొడవుది బిగిస్తే పైన చేయి ఆన్చుకునే ప్లాస్టిక్‌లో బుడిపె లేస్తుంది, ఒక్కోసారి బోర్డు మీది గీతే తెగుతుంది. అతనికి ఆ వరుస నోటికొచ్చి ఉంటుంది. అయినా గీశాడు.

ఖాతాలున్న పాత డిస్క్‌ని ముందు భద్రం చేశాడు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేపి, డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టిక తెరిచాడు. చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క 5వ వరుసలో, చదవలేక పెండింగ్‌లో పడ్డవాటి లెక్క 197వ వరుసలో ఉంటాయి. రెండూ సున్నా. అయినా మామూలు కాపీ కాకుండా డీడీరెస్క్యూతోనే నకలు తీశాడు. అది సులువుగా చదవగలిగిన భాగాలన్నీ ముందు పట్టుకుని, మొండి భాగాల దగ్గరికి చివర్లో వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మొదటికి రాదు.

అసలు పరీక్ష ఆ తర్వాత. ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలించి, వేరే కంప్యూటర్‌లో మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా చదివించాడు. ఒక్క తప్పు రాలేదు. స్మార్ట్ పట్టికలో 199వ వరుస చూసి అంకె రాసుకున్నాడు. చాలా డ్రైవ్‌లలో ఆ వరుస సీఆర్‌సీ తప్పుల లెక్క. డ్రైవ్ లోపల డేటా చెడితే అది పెరగదు. దారిలో చెడిపోయి అవతలికి చేరితేనే పెరుగుతుంది. ఎస్‌ఎస్‌డీని తిరిగి లాప్‌టాప్‌లో పెట్టి కొంచెంసేపు చదివించి చూస్తే ఆ అంకె లేచి కూర్చుంది. అంటే జబ్బు డ్రైవ్‌లో లేదు, డ్రైవ్‌కీ బోర్డుకీ నడుమ ఉంది. అక్కడున్నది ఒక్క రిబ్బన్ కేబుల్. వీళ్ల భాషలో పట్టా.

మరి అదే పట్టా మీద పాత డిస్క్ అంత బుద్ధిగా ఎలా నడిచింది? సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే ముందు కొట్టువాళ్లు దారి తప్పారు. పాతది నడిచింది కాబట్టి పట్టా మంచిదే అనుకున్నారు. ఇక్కడి మెకానిక్ ఆ నమ్మకాన్నే పరీక్షకు పెట్టాడు. లినక్స్ కర్నెల్ సందేశాలు తెర మీదికి తెచ్చాడు. కొత్త డ్రైవ్ మొదట 6 గిగాబిట్ల వేగంతో మాట కలుపుతోంది, తప్పుల మీద తప్పులు, లింకు తెగి మళ్లీ కలుస్తోంది, చివరికి కర్నెల్ విసిగి వేగాన్ని 3కి తగ్గిస్తోంది. ఆ క్షణం నుంచి తప్పులు ఆగిపోయాయి. పాత హార్డ్‌డిస్క్ పుట్టుకతోనే 3 గిగాబిట్లది.

6 గిగాబిట్లంటే ఆ పట్టా మీద సెకనుకు 600 కోట్ల బిట్లు పోవాలి. ప్రతి పదింటిలో ఎనిమిదే సరుకు, మిగతా రెండూ దారిఖర్చు; అందుకే 600 మెగాబైట్లు గరిష్ఠం అంటారు. ఒక్కో బిట్‌కి దక్కే సమయం 167 పికోసెకన్లు. 3 గిగాబిట్లలో అది 333. రాగి గీతలో వెంట్రుకవాసి నెర్రె ఉన్నా 333లో సర్దుకునే సిగ్నల్ 167లో సర్దుకోలేదు. పెద్దాయనకి మెకానిక్ ఇంత చెప్పలేదు. "గుంతల రోడ్డు మీద సైకిల్ పోతది సార్, బండి పడ్తది" అన్నాడు. 2012 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలలోనూ ఇలాంటి పట్టా జబ్బుకి పేరుంది. అక్కడా చాలామంది ముందు డ్రైవ్‌నే తిట్టుకున్నారు.

భూతద్దం కింద పట్టా మడత దగ్గర తెల్లటి గీత కనిపించింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొసలు తుడిచి, లాక్ ఎత్తి, తిన్నగా కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. 199 పెరిగింది. ఇక కుర్రాణ్ణి పంపాడు. పాత లాప్‌టాప్‌లు విప్పి విడిభాగాలు అమ్మే కొట్లు ఈ చుట్టుపక్కలే. రెసిస్టర్, కెపాసిటర్ కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీ, ఫోన్ల సామాను ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్. అనుమానం వచ్చిన భాగాన్ని తెప్పించి మార్చి చూసే వీలుంటే ఊహలతో పనిలేదు. ఇక్కడి మెకానిక్‌ల నిబ్బరంలో కొంత వాటా ఈ బజార్లదే అనిపిస్తుంది. పట్టా మీది పార్ట్ నంబర్ కలిస్తేనే తెమ్మని కుర్రాడికి రెండుసార్లు చెప్పాడు. చూడ్డానికి ఒకేలా ఉండి కొస తిరగబడి ఉన్నవి ఉంటాయట.

కొత్త పట్టా వేశాక నేనైతే మూత మూసేసేవాణ్ణి. అతను డ్రైవ్‌ని వేలితో కదిపి చూశాడు. కదిలింది. పాత డిస్క్ మందం 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీ 7. మిగిలిన 2.5 మిల్లీమీటర్ల ఖాళీలో అది ఊగుతూ, సంచీలో మోసిన ప్రతిసారీ పట్టానే లాగుతోంది. ముందే నలిగిన పట్టా ఇంకా నలిగింది. కొత్త ఎస్‌ఎస్‌డీల డబ్బాలో కొన్నిసార్లు వచ్చే నల్లటి ప్లాస్టిక్ చట్రం ఈ ఖాళీ కోసమే. చాలామంది దాన్ని డబ్బాతో పాటు పారేస్తారు. సొరుగులోంచి ఒకటి తీసి అంటించాడు. పట్టా లోహాన్ని రాసుకునే చోట తేనెరంగు కాప్టన్ టేపు వేశాడు.

ఇక మిగిలినవి చకచకా అయిపోయాయి. మొదటి పార్టిషన్ ఎక్స్‌పీ కాలంలోలా 63వ సెక్టార్ నుంచి కాక 2048 నుంచే మొదలైందని చూశాడు, ట్రిమ్ పనిచేస్తోందని చూశాడు, 6 గిగాబిట్ల వేగంతో డ్రైవ్‌ని మొత్తం మళ్లీ చదివించాడు. 199 కదల్లేదు.

డబ్బుల దగ్గర పెద్దాయన బేరమాడారు. పట్టా ఖరీదుకి మించి పని ఏముందన్నట్టు మాట్లాడారు కూడా. మెకానిక్ కొంత తగ్గించాడు. మూత బిగించే ముందు మాత్రం లోపలివైపు ఒక టేపు ముక్క అంటించి, దాని మీద తేదీ, 199వ వరుసలోని అంకె రాశాడు. ఆ లెక్క తగ్గేది కాదు, తుడిచేస్తే పోయేది కాదు. రేపు ఇంకెవరైనా విప్పితే, కొత్త డ్రైవ్‌లో ఇన్ని తప్పులేమిటని మళ్లీ దాన్నే అనుమానించకుండా, అంకె ఆ రోజు నుంచి పెరిగిందా లేదా అన్నది చూసుకుంటే సరిపోతుందన్నాడు.