ఇంటి మాటే ముడిసరుకు

ఇంటి కథ రాసే తల్లికి ముడిసరుకు కొరత ఉండదు. దాన్ని పట్టుకునే చెవి కావాలి. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలికే ధ్యాసలో పడ్డ ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. కథకు అంతకన్నా పెద్ద సంఘటన అక్కర్లేకపోయింది.

పాత చిత్తూరు జిల్లా పడమటి ఊళ్లలో ఈ సరుకు మరీ దండి. మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర పడిపోయిన రోజు, రైతు ఇంట్లో పిల్లల ఫీజు ప్రస్తావనను దాటేస్తారు. కథకు పనికొచ్చేది ధర కాదు, దాటేసిన తీరు. పుంగనూరు వైపు పొట్టి ఆవును అమ్మాలా వద్దా అన్నదే ఒక కథ. తమిళ, కన్నడ సరిహద్దుల నడుమ ఉన్న కుప్పంలో అవ్వ ఒక భాషలో కసిరి మరో భాషలో బుజ్జగించినా ఎవరికీ వింత కాదు.

పిల్లలు పడుకున్నాక, విన్న మాటను విన్నట్టే రాసిపెట్టుకోవడం ఈ పనిలో సగం. ‘చెప్తా ఉండా గదా’ అన్న విసుగును ‘చెబుతున్నాను కదా’ అని దిద్దితే మనిషి పోయి వ్యాకరణం మిగులుతుంది. చిత్తూరు యాసను దిద్దకుండా అచ్చెక్కించిన ధైర్యం రచయిత నామిని ‘మిట్టూరోడి కతలు’ది. మిగతా సగం మార్పులు: ఆడబిడ్డను పొరుగింటామెగా, ఊరిని పక్క ఊరుగా మార్చాలి. లేకపోతే పండక్కి ఇంటిల్లిపాదీ కలిసినప్పుడు రచయిత్రికి చిక్కే.