గవాచి కిటికీ కాదు: గృహనిర్మాణ పదముల అర్థనిర్ణయమును గూర్చి

రాయలసీమ కథలలో "గవాచి" అను మాట ఎదురైనపుడు చదువుకొన్న పాఠకుడు దానిని గవాక్షమునకు వికృతిగా గుర్తించి, గవాక్షమనగా కిటికీ గనుక గవాచియు కిటికీయే యని నిశ్చయించుకొనును. వ్యుత్పత్తి సరిగనే యున్నది. అర్థము మాత్రము తప్పినది. అనంతపురపు మట్టిమిద్దెలో గవాచి గోడకుండదు, కప్పునకుండును. వెలుతురు దిగుటకును పొగ పోవుటకును కప్పులో విడిచిన రంధ్రమది. వాన వచ్చినపుడు ఇంటివారు మిద్దె యెక్కి దానిపై బండ మూయుదురు. కథలో నొకడు గవాచినుండి ఇంటిలోనికి తొంగిచూచెనన్నచో వాడు వీధిలో నిలుచుండలేదు. మిద్దెపై బోరగిల పడుకొని యున్నాడు. ఈ భేదము తెలియని పాఠకునికి ఆ ఘట్టమే మారిపోవును.

ఇది యొక్క మాటకు సంబంధించిన చిక్కు కాదు. ఇల్లు అందరికిని ఉన్నది గనుక ఇంటిమాటలు అందరికిని తెలిసినవే యను భ్రమ మనలో నెలకొని యున్నది. వ్యవసాయపదముల విషయమున ఈ భ్రమ ముందుగ తొలగినది. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము 1962లో వెలువడినది. పండితుని వ్రాతనుండి కాక పనివాని నోటినుండి పదమును గ్రహించి, అది ఏ ప్రాంతమున వ్యవహారమున నున్నదో చెప్పుట దాని ప్రధానగుణము. గృహనిర్మాణ పదములకు బూదరాజు రాధాకృష్ణగారు మరియొక సంపుటమును కూర్చిరి. ఈ కృషికి తెలుగు పరిశోధకులందరును ఋణపడి యున్నారు. అయినను, ప్రాంతమును చెప్పినంత మాత్రమున గృహపదమునకు అర్థము తీరదనియు, ఆ ప్రాంతపు ఇంటిలో దాని తావును, అది చేయు పనిని కూడ చెప్పవలెననియు నా వాదము.

మొదట మిద్దెను చూతము. కోస్తా పాఠకునికి ఈ మాట వినగానే మేడ స్ఫురించును. అనంతపురమున మిద్దె అంతస్తును కాదు, కప్పు విధమును తెలుపును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ పీఠభూమిలో కప్పును వాలుగ నిలుపవలసిన అగత్యము తక్కువ. రాయి విస్తారము, మంచి కలప అరుదు. కనుక గోడలపై దూలములు, దూలములపై అడ్డముగ దంతెలు, వానిపై సన్నకట్టెలో బండలో పరచి, మట్టి త్రొక్కి, అన్నిటికిని పైన చౌడుమట్టి పోయుదురు. సోడియము అధికముగ నున్న బంకమట్టి తడిసినపుడు దాని రేణువులు విడివడి సందులను పూడ్చును. అందుచే నీరు ఇంకక జారిపోవును. పంటకు శత్రువైన చౌడే ఇంటికి రక్ష. వానలకు ముందు క్రొత్త చౌడు తెచ్చి పోయుట ఇంటివారికి ఏటేట తప్పని పనిగ నుండెడిది. చౌడనగా ఉప్పునేల యని మాత్రము వ్రాసిన కోశము సేద్యగాని అర్థమును చెప్పినది. ఇల్లు కట్టువాని అర్థమును విడిచినది.

దంతె యను మాటయు నిట్టిదే. సేద్యమున అది కలుపు తీయుటకు ఎద్దులు లాగు పనిముట్టు. మిద్దెలో దూలములపై పరచు కొయ్య. ఒకే రైతు పగలు పొలములో ఒక దంతెను తోలి, రాత్రి మరియొక దంతె క్రింద నిద్రించెడివాడు. ఇచ్చట ప్రాంతము ఒకటే, మారినది వృత్తి. వాకిలి విషయమున ప్రాంతమే మారును. కోస్తాలో వాకిట ముగ్గు వేయుదురు. ఇచ్చట వాకిలి మూయుదురు. అక్కడ అది ఇంటి ముంగిలి, ఇక్కడ తలుపు. కన్నడమున "బాగిలు", తమిళమున "వాయిల్" ద్వారమునే చెప్పుచున్నవి. కావున సీమవాసి వాడుక అపభ్రంశము కాదు. ప్రాచీనార్థమునకు సన్నిహితమైనదే యని చెప్పవచ్చును.

ఇక గవాక్షమునకు మరలుదము. కావ్యములలో అది మేడగోడకు గల కిటికీ. పురస్త్రీలు అందుండి రాజవీథిని చూతురు. ఆలయవాస్తును చర్చించువారికి అది శిఖరాదులపై చెక్కు గుఱ్ఱపులాడము ఆకృతి గల తోరణము. దక్షిణదేశమున దానికి నాసిక, కూడు అను పేర్లు కలవు. మట్టిమిద్దెలో అది కప్పులోని రంధ్రము. గోడ, శిఖరము, కప్పు అను మూడు తావులను బట్టి మూడర్థములు. తావును చెప్పనిచో ఏ యర్థమును నిలువదు.

శాస్త్రపదమునకు పెద్దపీట వేసి పనివాని పదమును గ్రామ్యమని త్రోసివేయుట మరియొక లోపము. లేపాక్షి వీరభద్రాలయము 16వ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ వీరణ్ణలను సోదరులు కట్టించినది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అందు నేలకు పూర్తిగ ఆనని స్తంభమొకటి ప్రసిద్ధము. "కంబము" అనువాడు స్తంభమును పలుకలేక అట్లనెనని మనము తలంతుము. నిజమునకు కంబము స్తంభ శబ్దమునుండి పుట్టినది కాదు. వేదమందు గల స్కంభ శబ్దము ప్రాకృతమున ఖంభమై, మనకు కంబమైనది. దిద్దబోయిన పండితుడే ఇందు పొరబడుచున్నాడు.

పరభాషాపదముల విషయమునను పనివాని వివేకము గమనింపదగినది. మేస్త్రీ, అలమార పోర్చుగీసునుండియు, గచ్చు పారసీకమునుండియు, కిటికీ హిందీనుండియు వచ్చినవి. ఇంగ్లీషున కమాను నిలుచువరకు క్రింద కట్టు ఆధారమునకు పేరైన సెంట్రింగు నేడు మనకు స్లాబు పోయుటకు కట్టు పలకల పనియంతయు నైనది. ఇట్లు ఎరవు తెచ్చినవారే, ద్రవముతో సమతలమును చూపు సాధనమును రసమట్టమనియు, మూలను సరిచూచు దానిని మూలమట్టమనియు వ్యవహరించిరి. ఇంతకంటె పొందికైన పారిభాషికపదములను పరిషత్తులు కల్పింపగలవా యని సందేహము. వాడుకలో మాట లేనిచోట కల్పన యవసరమే. ఉన్నచోట అది మాటపై మాటను పేర్చుట మాత్రమే.

దీనికొక ఆక్షేపణ కలదు. కోశము వెదకుటకు గదా. అకారాదిక్రమము లేనిదే వెదకుట ఎట్లు? నిజము. ఆ క్రమమును విడువుమని నేను చెప్పను. దానికి ముందు ఒక్కొక్క ప్రాంతపు ఇంటిని పునాదినుండి కప్పు వరకు పటముగ గీచి, ప్రతిభాగమునకు సంఖ్య వేసి, కోశములోని పదమునకు ఆ సంఖ్యను చూపవలెనని మాత్రమే నా సూచన. అపుడు గవాచి వద్ద కిటికీ యని వ్రాయుటకు ఎవనికిని చేయి రాదు.

ఈ పనికి వ్యవధి తక్కువ. నేడు క్రొత్త ఇండ్లు స్లాబు వేసినవే. వానిని కూడ ఇచ్చటివారు మిద్దెలనియే యందురు. మిద్దె యను పేరు నిలిచినది, దాని క్రింది దంతెయు, పైని చౌడును, నడుమ గవాచియు పోవుచున్నవి. వాననీటికి ముందు గవాచి మూయుటకు మిద్దె యెక్కిన వృద్ధులు మన గ్రామములలో ఇంకను ఉన్నారు. పరిశోధకవిద్యార్థి ప్రశ్నావళిని మాత్రమే కాక కొలతత్రాడును, పటము గీయుటకు కాగితమును కూడ తీసికొని వారి యొద్దకు పోవలెను. ఆ యిండ్లు కూలినపిమ్మట మన చేతిలో పదములు మిగిలినను, అవి ఇంటిలో ఎచ్చట నుండెడివో చూపువారుండరు.