నొప్పి వస్తున్నప్పటి ఈసీజీ

యాంజియోగ్రామ్‌లో పూడికలు లేవు. ఎకో బాగుంది. రక్తపరీక్షలు నార్మల్. ఇలాంటి ఫైలుతో వచ్చినవాళ్లకు మేం డాక్టర్లం తేలిగ్గా అనేసే మాట, "గ్యాస్ అయి ఉంటుందమ్మా, టెన్షన్ పెట్టుకోకండి." ఆ మాట అనేముందు నేను ఫైల్లో వెతికేది ఒకటుంది: నొప్పి వస్తున్న క్షణంలో తీసిన ఈసీజీ. చాలాసార్లు అది ఉండదు.

ఒక టీచరమ్మ చెప్పిన తీరు నాకు గుర్తు. "మెట్లెక్కుతుంటే ఠక్కున పట్టేస్తుంది సార్. నిలబడితే ఠక్కున పోతుంది. మెల్లగా తగ్గడమన్నది లేదు." రక్తనాళం ఇరుకైతే వచ్చే నొప్పి సాధారణంగా పెరుగుతూ వచ్చి, తగ్గుతూ పోతుంది. అందుకే ట్రెడ్‌మిల్ ఎక్కించి, నొప్పి రాగానే చెయ్యెత్తమన్నాను. గుండె వేగం కొంత పెరిగేసరికి తెర మీద గీతలు ఒక్కసారిగా వెడల్పయ్యాయి. ఆవిడ చెయ్యి లేచింది. ఆపి కూర్చోబెట్టాక గీతలు మళ్లీ సన్నబడ్డాయి, నొప్పీ పోయింది.

గుండెలో కరెంటు నడిచే దారిలో భాగమైన హిస్ కట్టను 1893లో విల్‌హెల్మ్ హిస్ వర్ణించారు. ఆ దారి మొత్తాన్నీ 1906లో జపాన్‌కు చెందిన సునావో తవారా చూపించారు. దాని ఎడమ కొమ్మ పనిచేయకపోతే, అంటే అక్కడ బ్లాక్ ఏర్పడితే, తెర మీద గీతలు అలా వెడల్పవుతాయి; కుడి గది ముందు ముడుచుకుంటుంది, ఎడమ గోడ ఆలస్యంగా అందుకుంటుంది. రథం తాడును ఒకవైపువాళ్లు ముందే లాగేసినట్టు. ఇలా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి నొప్పే తెలియదు. కొద్దిమందికి మాత్రం ఈ తేడాయే ఛాతీలో పోటుగా తెలుస్తుంది. అయితే గుండెపోటులోనూ ఈ బ్లాక్ కనబడొచ్చు. కొత్తగా ఛాతీ నొప్పి వస్తే ముందు ఎమర్జెన్సీకే వెళ్లాలి. పూడికలు లేవని తేలాకే ఈ ఆలోచన.

టీచరమ్మకు గుండె వేగాన్ని అదుపులో ఉంచే బీటా బ్లాకర్ మాత్ర, క్రమంగా పెంచిన నడక సరిపోయాయి. అవి చాలనివారికే పేసింగ్. ఇందులో ఒక చిక్కుంది. మామూలు పేస్‌మేకర్ తీగ కుడి గది కొసన కూర్చుంటుంది కనుక, అది కొట్టించే ప్రతి స్పందనా ఎడమ కొమ్మ తెగినట్టే నడుస్తుంది. నొప్పికి కారణమైన పనినే యంత్రంతో చేయించడం నాకు సమ్మతం కాదు. కరెంటును సహజమైన దారిలోకే ఎక్కించాలి. హిస్ కట్ట దగ్గర శాశ్వత పేసింగ్ ఫలితాలు 2000లో వెలువడ్డాయి. 2017లో చైనాలోని వెన్‌జౌ వైద్యులు తీగను గదుల మధ్య గోడలోకి లోతుగా దించి ఎడమ కొమ్మనే అందుకున్నారు.

నాకు ఇష్టమైన పని అక్కడుంది. గదుల మధ్య గోడ మందం సుమారు ఒక సెంటీమీటరు. కుడివైపు నుంచి తీగ మరను తిప్పుతుంటే, కళ్లన్నీ ఈసీజీలోని వీ1 లీడ్ మీదే. మొదట డబ్ల్యూలా ఉన్న గీతలోని నొక్కు క్రమంగా చివరికి జరిగి, ఒక చిన్న మొనగా లేస్తుంది. అక్కడ చెయ్యి ఆగాలి. ఇంకొంచెం తిప్పితే తీగ గోడ దాటి ఎడమ గదిలోకి పోతుంది.

పేషెంట్ మెలకువగానే ఉంటారు. అందుకే తీగ కుదిరాక చెప్పకుండా పరీక్షిస్తాను. నొప్పి వచ్చే వేగంలో పై గదినుంచి మాత్రమే కొట్టించి, తర్వాత కొత్త తీగను కలిపి, మళ్లీ తీసేసి, "ఇప్పుడెలా ఉంది పెదనాన్నా?" అని ఒక రైతును అడిగాను. గీత వెడల్పయిన ప్రతిసారీ "పట్టేసింది" అన్నాడు, సన్నబడిన ప్రతిసారీ "వదిలింది" అన్నాడు. ఆయనకు తెర కనబడదు.

ఈ నొప్పికి చేసే ఈ చికిత్సకు పెద్ద ట్రయల్స్ అండ లేదు, ప్రధానంగా విడివిడి కేసులే ఆధారం. పేషెంట్‌కు అది చెప్పే సంతకం తీసుకుంటాను. పెట్టాక కూడా పై గదికీ కింది గదికీ మధ్య వ్యవధిని తగ్గించి ఉంచాలి. లేకపోతే సొంత కరెంటు ముందు దిగి, చెడిన దారిలోనే నడుస్తుంది. అందుకే ఆ రైతు ప్రతి చెకప్‌లో నేను మొదట చూసేది ఆ సెట్టింగే, బ్యాటరీ తర్వాత.